ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు: ఇంట్లో, బడిలో, మక్తబ్‌లో

ఏడీహెచ్‌డీ మెదడు ఎదుగుదలకు సంబంధించిన సమస్య. ధ్యాస నిలవదు, కుదురుగా కూర్చోలేరు, ముందూవెనకా చూడకుండా ఏదో ఒకటి చేసేస్తారు. ఈ లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలు, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. రక్తపరీక్షతోనో స్కాన్‌తోనో తేలేది కాదు. ఆడపిల్లల్లో గెంతులాట కన్నా పరధ్యానమే ఎక్కువ, అందుకే చాలామంది సంగతి బయటపడదు.

మన ఇళ్లలో మొదట నజర్ తగిలిందంటారు, తావీజ్ కడతారు. దువా చేయించండి, ఎవరూ వద్దనరు. కానీ చైల్డ్ సైకియాట్రిస్ట్‌కు చూపించడం ఆలస్యం చేయకండి.

బడి, అరబీ, ఆపైన ట్యూషన్: అసలు చిక్కు ఇక్కడే. మధ్యలో అరగంట ఆడుకోనివ్వండి. హోంవర్క్ పది పదిహేను నిమిషాల ముక్కలుగా చేయించండి. "తయారవ్వు" అంటే పని జరగదు. "బూట్లు వేసుకో" అని ఒక్కటే చెప్పాలి. చేసిన వెంటనే మెచ్చుకోండి. పరీక్షలయ్యాక కొనిస్తామన్న సైకిల్ వీళ్లకు చాలా దూరం. టీచర్‌తో పాటు హజ్రత్‌కూ చెప్పి ముందు వరసలో కూర్చోబెట్టమనండి, సబఖ్ చిన్నదిగా ఇమ్మనండి. బెత్తంతో ధ్యాస రాదు.

మందు అవసరమైతే డాక్టరే రాస్తారు. మిథైల్‌ఫెనిడేట్ వాడే పిల్లలకు ఆకలి తగ్గొచ్చు, నిద్ర చెడొచ్చు; అందుకే మామూలుగా పొద్దున్నే ఇస్తారు. రంజాన్‌లో రోజా ఉంటానని పట్టుబడితే ముందే డాక్టర్‌ను అడగండి. సహరీకి మందు వేళ మీరే మార్చేయకండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.