బిస్కెట్ ఫ్యాక్టరీలోకి దూరిన రైలు

ఓరియో బిస్కెట్ మనలో చాలామంది తిన్నదే. అది 1912లో న్యూయార్క్ నగరంలో, చెల్సీ ప్రాంతంలో ఉన్న నేషనల్ బిస్కెట్ కంపెనీ ఫ్యాక్టరీలో పుట్టింది. ఆ కంపెనీయే తర్వాత నబిస్కో అయ్యింది. ఫ్యాక్టరీ పక్కన నడిచిన గూడ్సు రైలు కథ మాకు బిస్కెట్ కన్నా పెద్దదనిపించింది, అందుకే రాస్తున్నాం.

హడ్సన్ నది వైపు ఉన్న ఆ పేటల్లో 19వ శతాబ్దం మధ్యలోనే పట్టాలు వేశారు. పిండి, మాంసం, పాలు నగరంలోకి రావాలి కదా. కానీ వేసింది నడివీధిలో! పదో అవెన్యూలో గోడ లేదు, గేటు లేదు. గుర్రబ్బండ్లు, జనం, ఆడుకునే పిల్లలు, వాళ్ల మధ్యలోంచే రైలు. ఎంతమంది చచ్చిపోయారంటే ఆ వీధికి 'డెత్ అవెన్యూ', అంటే చావు వీధి అని పేరు పడిపోయింది. దానికి చేసిన ఏర్పాటు ఏంటో తెలుసా? రైలు ముందు ఒక మనిషి గుర్రం మీద ఎర్ర జెండా ఊపుకుంటూ పోవడం. వాళ్లని వెస్ట్ సైడ్ కౌబాయ్స్ అనేవాళ్లు. సినిమాలో చూడ్డానికి బాగుంటుంది గానీ, చావులు ఆగలేదు. 1908లో ఏడేళ్ల బాబు రైలు కింద పడి చనిపోతే, ఆ పేటల పిల్లలే వందలమంది ఊరేగింపు తీశారు. అక్కడ ఉండేది ఎక్కువగా కూలీల కుటుంబాలు. పట్టాలు ఎత్తించే ఒప్పందం కుదరడానికి 1929 దాకా ఆగాల్సి వచ్చింది.

1934లో రైలు వంతెన మీదికెక్కింది. దాన్నే హై లైన్ అంటారు. మొత్తం పథకంలో 105 వీధి క్రాసింగులు పోయాయి. ఇంజనీర్ల పని మాత్రం మెచ్చుకోవాల్సిందే: లైను బిల్డింగుల లోపల నుంచే పోయేది, నబిస్కోలో కూడా. సరుకు పై అంతస్తులోనే దించుకునేవాళ్లు. పిల్లల ప్రాణాలే కారణమైతే ఇన్నేళ్లు పట్టేది కాదు, ఫ్యాక్టరీలకూ లాభం కనిపించాకే పని కదిలిందని మా అభిప్రాయం.

తర్వాత లారీలొచ్చాయి. నబిస్కో 1958లో న్యూజెర్సీకి వెళ్లిపోయింది. 1980లో చివరి రైలు మంచులో పెట్టిన టర్కీ కోళ్ల మాంసం మోసింది. పట్టాల మీద గడ్డి మొలిచింది. ఫ్యాక్టరీ 1997లో చెల్సీ మార్కెట్ అయ్యింది, హై లైన్ 2009లో పార్కు అయ్యింది. చుట్టూ అద్దెలు పెరిగిపోయాయి. చావు వీధిని భరించిన పేటల్లో ఇప్పుడు కోట్ల ఫ్లాట్లు.

ఇంకో సంగతి. ఆ పార్కు దక్షిణం కొస గాన్స్‌వూర్ట్ వీధి దగ్గర ఉంది. ఫ్యాక్టరీ, పట్టాలు రాకముందు ఆ దగ్గర్లోనే లెనాపే ఆదివాసీల మకాం ఉండేది, పేరు సపోహానికన్. డచ్చివాళ్లు వచ్చాక వాళ్లని ఆ నేల నుంచి తరిమేశారు. ఇవాళ లెనాపే వాళ్లు ఎక్కువగా ఓక్లహోమా, విస్కాన్సిన్, కెనడాలోని ఒంటారియోలో ఉంటున్నారు.