వయా బ్యాంకాక్

విజయవాడ గవర్నర్‌పేటలో నేను టికెట్ల ఆఫీసు నడిపిన కాలంలో ఆస్ట్రేలియా వెళ్లే సంసారాలకి దారిలో ఎక్కువగా మూడు మజిలీలు చెప్పేదాన్ని. సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్. సింగపూర్‌లో గది అద్దె వినగానే మగవాళ్లు గొంతు సవరించుకునేవారు. బ్యాంకాక్ అనగానే ఆడవాళ్లు కుర్చీ ముందుకు జరుపుకునేవారు. ప్రతునామ్ బజారులో బట్టలు చవక, గదులు చవక, పిల్లలకి చూపించడానికి జంతువుల పార్కుంది. రెండు రాత్రులు ఆగి సిడ్నీ విమానం ఎక్కడం ఒక ఆనవాయితీ అయిపోయింది. ఆ మధ్యలో ఏ ఏడో టీవీలో బ్యాంకాక్ వీధులూ టైర్ల పొగా కనపడేవి. ఇక ఫోన్లు మొదలు. "గొడవలంట గదమ్మా, పిల్లల్ని వేసుకుని దిగొచ్చంటావా?"

దిగొచ్చనో, వద్దనో ఠక్కున చెప్పేయడం తేలిక. మా వ్యాపారంలో చాలామంది అదే చేస్తారు. టికెట్ క్యాన్సిల్ కాకూడదనుకునేవాడు దిగొచ్చంటాడు, తన మెడకి చుట్టుకుంటుందని భయపడేవాడు వద్దంటాడు. నా పద్ధతి వేరు. బ్యాంకాక్‌లో అల్లర్లకి ఎప్పుడూ ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా నా కళ్లముందే మారింది. ఎందుకు మారిందో తెలిస్తే దారిన పోయేవాడు తన సంగతి తాను చూసుకోగలడు.

బ్యాంకాక్ మజిలీ కావడం ఇవాళ్టి ముచ్చట కాదు. డాన్ మువాంగ్ మైదానంలో విమానాలు దిగడం 1914లోనే మొదలైంది. 1930ల్లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి జావా వెళ్లే డచ్చివాళ్ల కేఎల్‌ఎం విమానాలూ, కలకత్తా, రంగూన్ మీదుగా సింగపూర్ పోయే బ్రిటిష్ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలూ ఇక్కడే ఆగేవి. ఆ మైదానం ఒక పక్క ప్రయాణికులది, ఇంకో పక్క వైమానిక దళానిది, రన్‌వేలు ఇద్దరివీ. 1991 ఫిబ్రవరి 23న ప్రధాని చాతిచాయ్ చూన్‌హవాన్ రాజుగారిని చూడటానికి చియాంగ్ మాయ్ బయలుదేరి సైనిక విమానంలో కూర్చున్నాడు. ఆ విమానంలోనే ఆయన్ని పట్టుకున్నారు. 1932 నుంచి ఆ దేశంలో డజను దాకా సైనిక తిరుగుబాట్లు సఫలమయ్యాయి. చాలా వాటిలో మజిలీ ప్రయాణికుడికి తెలిసింది రేడియోలో మిలిటరీ పాటలు మోగడం, ఓ రెండు టాంకులు కనపడటం, అంతే.

జనం తిరగబడితే మాత్రం నెత్తురు పారేది. అది పారిన చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే. పాత ఊళ్లో సనామ్ లువాంగ్ మైదానం, అక్కణ్ణించి ప్రజాస్వామ్య స్మారకం మీదుగా ఫాన్ ఫా వంతెన దాకా సాగే రాచ్‌డామ్నోన్ వీధి. 1973 అక్టోబరు 14న విద్యార్థులు అక్కడే పడిపోయారు. 1976 అక్టోబరు 6న పక్కనే ఉన్న తమ్మసాట్ విశ్వవిద్యాలయంలో. 1992 మేలో ప్రధాని జనరల్ సుచిందా మీద ఊరు లేచినప్పుడూ ఆ వీధే. రాయల్ హోటల్ లాబీని గాయపడ్డవాళ్లకి ఆస్పత్రి చేస్తే సైనికులు అందులోకీ చొరబడ్డారు. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు 50 మందికి పైన. మే 20 రాత్రి సుచిందాని, ఉద్యమం నడిపిన చామ్‌లాంగ్ శ్రీమువాంగ్‌ని రాజు భూమిబోల్ తన ముందు కూర్చోబెట్టుకుని మందలించడం టీవీలో చూపించారు. ఆ కాలంలో మజిలీ లెక్క తేలిక. పాత ఊరికి వెళ్లకు, సుఖుమ్‌విట్‌లోనో సీలోమ్‌లోనో ఉండు, తిని పడుకో. మంత్రుల ఆఫీసులు అటు, దుకాణాలు ఇటు.

ఆ లెక్క 2008లో తల్లకిందులైంది.

2006 సెప్టెంబరు 19న ప్రధాని తక్సిన్ చినవత్ న్యూయార్క్‌లో ఉండగా సైన్యం ఆయన్ని దించేసింది. సరిగ్గా తొమ్మిది రోజులకి, 28న, కొత్త విమానాశ్రయం సువర్ణభూమి తెరిచారు. మీరు అక్కడ విమానం మారి ఉంటే క్షీరసాగర మథనం బొమ్మ చూసే ఉంటారు. పొడుగ్గా వాసుకి, ఇటు దేవతలు, అటు రాక్షసులు, మధ్యన మందరం మీద విష్ణువు. మా కస్టమర్లలో దాని ముందు ఫొటో దిగని కుటుంబం లేదు. తక్సిన్ వ్యతిరేకులు పసుపు చొక్కాలు వేశారు. థాయ్‌వాళ్లకి వారంలో రోజుకో రంగు ఉంది, రాజు పుట్టిన సోమవారం రంగు పసుపు. తర్వాత తక్సిన్ వైపువాళ్లు ఎరుపు వేశారు. ఆ రెండు రంగుల బట్టలూ పెట్టెలో పెట్టుకోవద్దని నేను చెబితే ఒకావిడ, "మరి చీరలెక్కణ్ణించి తెమ్మంటావమ్మా?" అంది. నిజమే.

2008 ఆగస్టులో పసుపు చొక్కాలు ప్రభుత్వ సచివాలయాన్నే ఆక్రమించి నెలల తరబడి అక్కడే వండుకుని తిన్నారు. ప్రభుత్వం పడలేదు. తక్సిన్ చెల్లెలి భర్త, అప్పటి ప్రధాని సోమ్‌చాయ్ పెరూలో శిఖరాగ్ర సభకి వెళ్లి తిరిగొస్తుంటే, ఆయన్ని దిగనివ్వకూడదని నవంబరు 25న సువర్ణభూమిలోకి నడిచారు. నాయకుల్లో ఒకడు పాత చామ్‌లాంగే. వాళ్ల చేతుల్లో కత్తులు కావు, అరచేయి ఆకారంలో ప్లాస్టిక్ చిడతలు. వేలమంది వాటిని ఊపితే ఆ పెద్ద హాలంతా టపటపమని మోగిపోయింది. సోమ్‌చాయ్ చియాంగ్ మాయ్‌లో దిగిపోయాడు. విమానాశ్రయం మాత్రం మూతపడింది. వెంటనే డాన్ మువాంగ్ కూడా. లక్షల మంది ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

గుడివాడ వైపు కుటుంబమొకటి సిడ్నీ నుంచి తిరిగొస్తూ ప్రతునామ్‌లో ఆగింది. 26 రాత్రి వాళ్లకి ధైర్యం చెబుదామని నేను ఫోన్ చేస్తే ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. "ఇక్కడేం లేదండీ. బజారు తీసే ఉంది, పిల్లలు స్విమ్మింగ్ పూల్ వదలట్లేదు. మీ సంగతేంటి? బొంబాయిలో కాల్పులంటున్నారు?" ఆ రాత్రే తాజ్‌లోకీ, వీటీ స్టేషన్లోకీ టెర్రరిస్టులు జొరబడ్డారు. పరాయి దేశాలు తమ పౌరులకి ఇండియా వెళ్లొద్దని హెచ్చరికలు రాయడం మొదలుపెట్టాయి. వన్డేలాడుతున్న ఇంగ్లండ్ జట్టు మధ్యలో వెళ్లిపోయింది. వాళ్లూ ఆలోచించుకుని, డిసెంబరు 11న చెన్నై టెస్టుకి మళ్లీ వచ్చారనుకోండి.

గుడివాడ వాళ్లు బయటపడింది ఊ-తపావ్ మీదుగా. పట్టాయా దాటాక ఉండే ఆ నౌకాదళ విమానాశ్రయం నుంచే వియత్నాం యుద్ధంలో అమెరికా బీ-52లు ఎగిరేవి. రన్‌వే బారెడు, టెర్మినల్ మూరెడు. హోటల్ నుంచి బస్సులో గంటల ప్రయాణం, సామాను ఎక్స్‌రే దగ్గర కిలోమీటర్ల విసుగు, ఫ్లైట్ నంబరు చేత్తో రాసిన అట్టముక్క ఎత్తి పట్టుకున్న ఒక అమ్మాయి వెనకాల పరుగు. ఆ గుడివాడ ఇల్లాలి ఒళ్లో నిద్రపోయిన చంటాడి చెప్పు ఒకటి అక్కడే పోయిందట. డిసెంబరు 2న రాజ్యాంగ న్యాయస్థానం సోమ్‌చాయ్ పార్టీని రద్దు చేసింది. మర్నాడు పసుపు చొక్కాలు ఖాళీ చేశాయి.

అప్పటిదాకా మజిలీ ప్రయాణికుడు చూసి పోయేవాడు. ఇప్పుడు అతణ్ణి ఆపేస్తే ప్రభుత్వానికి నొప్పి పుడుతుందని ఉద్యమకారులకి అర్థమైంది. సచివాలయంలో మూడు నెలలు కూర్చుంటే రానిది, విమానాశ్రయంలో వారం కూర్చుంటే వచ్చింది. కోర్టు తీర్పు ఎలాగూ వచ్చేదే అన్నవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఎర్రచొక్కాలవాళ్లు కూడా ఒప్పుకోలేదని వాళ్లు తర్వాత చేసిన పనే చెబుతుంది.

2010 మార్చిలో వాళ్లు పాత ఆచారం ప్రకారం ఫాన్ ఫా వంతెన దగ్గరే కూర్చున్నారు. ఏప్రిల్ 3న ఒక గుంపు లేచి వచ్చి రాచ్‌ప్రసోంగ్ కూడలిలో డేరాలు వేసింది. రాచ్‌ప్రసోంగ్ అంటే సెంట్రల్ వరల్డ్, పెద్ద హోటళ్లు, ఎరవాన్ గుడి, పైన స్కైట్రెయిన్. అక్కణ్ణించి ప్రతునామ్ నడిచేంత దూరం. ఏప్రిల్ 10న పాత ఊళ్లో జరిగిన కాల్పుల్లో 25 మంది పోయారు. దాంతో అందరూ రాచ్‌ప్రసోంగ్‌కే చేరి, చెక్కిన వెదురు బొంగులూ, టైర్లూ పేర్చి కోట కట్టుకున్నారు. వీళ్ల చిడతలు పాదం ఆకారంలో ఉండేవి, పసుపువాళ్ల అరచేతికి జవాబుగా.

ఏప్రిల్, మే అంటే మనకి బడి సెలవులు. తెనాలి మాస్టారొకాయన మనవల్ని తీసుకుని మెల్‌బోర్న్ కూతురి దగ్గరికి బయలుదేరారు. గది ముందే బుక్ చేసింది, ప్రతునామ్ పక్క రాచ్‌ప్రరోప్ రోడ్డులో, ఇండియా నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా దిగేది అక్కడే. విమానాశ్రయం తీసే ఉంది, విమానాలు టైముకి నడుస్తున్నాయి. 2008 చూసిన మాస్టారికి అదే ధీమా. "ఎయిర్‌పోర్ట్ బాగుంటే ఊరు బాగున్నట్టే గదమ్మా" అన్నారు. 2008లో విమానాశ్రయం మూతపడి ఊరు బాగుంది. ఈసారి విమానాశ్రయం బాగుంది, ఊరి నడిబొడ్డు పాడైంది. రెండూ విడివిడిగా అడగాల్సిన ప్రశ్నలు. నేను ఆయన్ని ఇమిగ్రేషన్ దాటొద్దన్నాను. టికెట్ మొత్తం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంది, సామాను మెల్‌బోర్న్ దాకా త్రూ వెళుతుంది, లోపలే కూర్చుంటే వీసా కూడా అక్కర్లేదు. టికెట్లు విడివిడిగా కొని ఉంటే ఈ దారి ఉండేది కాదు. సామాను తీసుకోవడానికైనా బయటికి రావాలి. హోటల్‌కి కట్టిన డబ్బు పోయింది, ఆయన నా మీద కొంచెం గునిశారు.

మే 13 సాయంత్రం ఎర్రచొక్కాల పక్షాన నిలిచిన జనరల్ ఖత్తియాని, విలేకరితో మాట్లాడుతుండగా ఎవరో తలలో కాల్చారు. ఆ తర్వాత సైన్యం చుట్టుముట్టింది. రాచ్‌ప్రరోప్ రోడ్డు వైపే "కాల్పులు జరుగుతున్న ప్రాంతం" అని బోర్డులు కట్టింది. 19న సాయుధ శకటాలు వెదురు గోడ బద్దలు కొట్టాయి, సెంట్రల్ వరల్డ్ తగలబడింది, తలదాచుకోమని చెప్పిన వాట్ పథుమ్ వనారామ్ గుడి ఆవరణలో ఆరుగురు తూటాలకి పోయారు. మొత్తం రెండు నెలల్లో 90 మందికి పైగా. ఆ రోజుల్లో కూడా సువర్ణభూమిలో విమానాలు దిగుతూనే ఉన్నాయి, లేస్తూనే ఉన్నాయి.

హెచ్చరికల గురించి ఒక మాట. "అప్రమత్తంగా ఉండండి, జనసమూహాలకి దూరంగా ఉండండి" అని ప్రతి దేశమూ రాస్తుంది. ఏ వీధో, ఏ మూలో రాసేది తక్కువ. నేను మ్యాపు తీసి హోటల్, కూడలి, విమానాశ్రయం మూడూ చుక్కలు పెట్టి చూసేదాన్ని. పెన్సిలుతో.

2014 జనవరి 13న తక్సిన్ వ్యతిరేకుల నాయకుడు సుతేప్ తాగ్‌సుబన్ మనుషులు బ్యాంకాక్‌ని బంద్ చేశామని ప్రకటించి ఏడు పెద్ద కూడళ్లలో వేదికలు వేశారు. విమానాశ్రయాల జోలికి మాత్రం పోమని ముందే చెప్పారు. దానికి కారణముంది. 2008 ఆక్రమణకి విమానాశ్రయ సంస్థకి 52 కోట్ల 20 లక్షల బాట్ కట్టాలని సివిల్ కోర్టు పసుపు నాయకుల్ని ఆదేశించి ఉంది. పైగా 2010 ఆగస్టులో విమానాశ్రయం రైలు నడవడం మొదలైంది, రోడ్డు మూసినా పైనించి పోవచ్చు. అందుకే ఆ జనవరిలో నేను చాలామందికి దిగమనే చెప్పాను, స్టేషనుకి దగ్గరగా గది చూసి. వెళ్లొచ్చినవాళ్లు ఈలలూ, పాటలూ, చొక్కాల అమ్మకాలూ, అచ్చం తిరునాళ్లలా ఉందన్నారు. నాకు ఆ మాటే గుచ్చుకుంది. తిరునాళ్లలా ఉంటే పిల్లల్ని తీసుకెళతారు. ఫిబ్రవరి 23న సాయంత్రం రాచ్‌ప్రసోంగ్ దగ్గర పేలుడులో ఒక స్త్రీ, ఇద్దరు చిన్నపిల్లలు పోయారు. ఆ పిల్లలు అక్కాతమ్ముళ్లు. అప్పణ్ణించి వేదికల వైపు చూడ్డానికైనా వెళ్లొద్దని గట్టిగా చెప్పాను.

ఏ లెక్కకీ అందనిదీ ఒకటి ఉంది. 2015 ఆగస్టు 17న ఎరవాన్ గుడి దగ్గర బాంబు పేలి 20 మంది పోయారు. అప్పుడు ఊళ్లో ఊరేగింపు లేదు, డేరా లేదు. నాలుగు ముఖాల బ్రహ్మకి దండలు వేసే ఆ చోటు మనవాళ్లు తప్పకుండా వెళ్లేది. ఆ ముందురోజు ఎవరడిగినా వెళ్లమనే చెప్పేదాన్ని, ఇప్పుడడిగినా ముందురోజు సంగతికి అదే జవాబు.

మళ్లీ 2014కి వస్తే, మే 22న జనరల్ ప్రయుత్ అధికారం తీసుకున్నాక రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ. విమానం ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ పాస్‌పోర్టూ టికెట్టూ చూపిస్తే మినహాయింపు. టికెట్ ఫోనులో కాదు, కాగితం మీద ప్రింటు తీసి పెట్టుకోమన్నాను. నిద్ర కళ్ల సిపాయికి రాత్రిపూట ఫోను తెర చూపించడం కన్నా కాగితం చేతిలో పెట్టడం నయం. బయలుదేరేది చీకటి పడకముందే, విమానం అర్ధరాత్రికైనా సరే. వీధులు ఖాళీ, తుపాకీలు కనపడుతున్నాయి, అయినా పిల్లలతో దాటడానికి ఆ నెల ఫిబ్రవరి కన్నా మేలన్నది నా అంచనా. ప్రజాస్వామ్యం సంగతి వేరు, అది థాయ్‌వాళ్లు ఇప్పటికీ తేల్చుకుంటున్నారు. జూన్ 13న కర్ఫ్యూ దేశమంతా ఎత్తేశారు. అంతదాకా అడుగున ఉన్న మెల్‌బోర్న్ ఛార్జీలు ఆ వారమే పైకి లేచాయి, చూద్దాం చూద్దామని నానబెట్టినవాళ్లు ఎక్కువిచ్చి కొనుక్కున్నారు.