చక్రాల మీద కాపురం

కర్నూలుకు కందనవోలు అనే పాత పేరు ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటి తుంగభద్ర ఒడ్డున తరతరాలుగా నడుస్తోంది. అలంపురం గుడులకు రాళ్లు తోలే బండ్లు నది దాటే ముందు ఈ గట్టున ఆగేవట. ఇరుసులకు కందెన రాసి, ఎడ్లకు నీళ్లు పట్టి, బండ్లు మళ్లీ కట్టేవాళ్లట. కథలో నిజం ఎంతైనా కానీ, బండి ఆగిన చోట ఊరు పుట్టిందనే మాట ఈ నేలకు సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి తుంగభద్రను దాటేదీ ఇక్కడే. ఉద్యోగాలు ముగించుకుని, ఇంటికి తాళం వేసి, మంచమూ పొయ్యీ ఉన్న మోటర్‌హోమ్‌లో ఆ దారిన దేశాన్ని నిలువునా చూడాలని బయల్దేరిన దంపతులు ఎవరైనా ఈ నీళ్లు దాటాల్సిందే.

ఈ చక్రాల ఇల్లు ఎక్కడ పుట్టిందని అడిగితే పడమటి దేశాల వాళ్లు 1885వ సంవత్సరం చూపిస్తారు. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసిన గోర్డన్ స్టేబుల్స్ అనే రచయిత ఆ ఏడాది ఇంగ్లండులోని బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ చేత ‘వాండరర్’ అనే బండి కట్టించుకున్నాడు. దానికి రెండు గుర్రాలు కట్టి స్కాట్లండు దాకా తిరిగాడు. సరదా కోసం కట్టించిన మొదటి కారవాన్ అదేనంటారు. ఆయనకు ఆ ఊహ వచ్చింది రోమా సంచారుల బండ్లను చూసి. ఆ రోమా జనం మాట్లాడే భాష మూలాలు మన దేశంలోనే ఉన్నాయని భాషాశాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. ఇంజను తోడైన ఇల్లు 1910లో అమెరికాలో వచ్చింది. పియర్స్ యారో కంపెనీ చేసిన ఆ కారులో సీటును మంచంగా మార్చుకోవచ్చు, చేతులు కడుక్కునే తొట్టి మడిచి పెట్టుకోవచ్చు. 1950లలో ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లు, 1966 నుంచి విన్నెబాగో బండ్లు మధ్యతరగతి దంపతులకు కూడా ఈ ముచ్చటను అందుబాటులోకి తెచ్చాయి.

మన వైపు కథ ఇంకా పాతది. స్టేబుల్స్ బండి కట్టించుకోవడానికి యాభై ఐదేళ్ల ముందే, 1830 మే 18న, ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషి. ఇంటివాళ్లు, బోయీలు, నౌకర్లు అంతా కలిసి నూరుమంది దాకా వెంట ఉన్నారు. సవారీలు, డేరాలు, వంటసామాను కూడా కదిలాయి. తిరుపతి మీదుగా కడప చేరి, అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుని హైదరాబాదు దారి పట్టారు. 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్నం చేరారు. ఆ ప్రయాణపు విశేషాలను ఆయన ఎప్పటికప్పుడు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపాడు. అవే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. అప్పటికి వీరాస్వామయ్య కన్నుమూసి రెండేళ్లయింది.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మజిలీల వివరం. దేవుళ్ల గురించి, దొరల గురించి ఆయన రాశాడు, నిజమే. కానీ ఊరూరా ముందు చూసింది నీళ్లు బాగున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి నీడ ఉందా అన్నదే. రాయలసీమలో ప్రయాణం చేసినవాళ్లకు ఆ శ్రద్ధ ఎందుకో చెప్పనక్కర్లేదు. ఇక్కడ దారి ఎటు పోవాలో చెప్పింది నీళ్లే. మహానందిలో ఎన్నడూ ఎండని కోనేరు ఉంది, యాగంటిలో కొండ నుంచి దిగే ఊట ఉంది. యాత్రికులు అక్కడ ఆగడానికి భక్తి ఎంత కారణమో ఆ నీళ్లు కూడా అంతే కారణం.

నూరుమందిని వెంట తీసుకుపోయే స్తోమత లేనివాళ్లకు గూడుబండే ఇల్లు. వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి, లోపల వరిగడ్డి పరిచి, దానిమీద కంబళి వేస్తే పిల్లాపాపలతో కాపురం అందులో ఇమిడిపోయేది. శివరాత్రికి శ్రీశైలం దారిలో అడవి అంచుదాకా, తిరునాళ్లకు అహోబిలానికి, బ్రహ్మంగారి మఠానికి, ఒంటిమిట్టకు బండ్లు బారులు తీరేవి. తిరుమల పోయేవాళ్లు దేవుని కడపలో దర్శనం చేసుకుని కదిలేవాళ్లు. ఎండకు భయపడి చల్లపొద్దులో, వెన్నెల రాత్రుల్లో బండి తోలేవాళ్లు. సద్దిమూటలో జొన్నరొట్టెలు, బుడ్డల పొడి ఉండేవి. బండి కింద నీళ్ల కుండ వేలాడేది. ఎడ్లు విప్పిన చోట మూడు రాళ్లు పెడితే అదే వంటిల్లు. ఎడ్లకు మేత, మనుషులకు నీళ్లు, రెండూ దొరికే చోటు ఏదో తోలేవాడికి తెలియకపోతే ఆ ప్రయాణం ముందుకు సాగదు. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు. తండ్రి పక్కన నొగల మీద కూర్చుని కొడుకు నేర్చుకునేవాడు.

ఆ కాలపు అధికారులదీ డేరా బతుకే. 1800లో నిజాం సీమ జిల్లాలను కుంఫిణీకి అప్పగించాక మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1807 దాకా ఊరూరా గుడారాల్లో మకాం చేస్తూ భూముల లెక్కలు తేల్చాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో వీడ్కోలు పర్యటనగా మళ్లీ ఈ జిల్లాలకు వచ్చి, జులై 6న పత్తికొండ మకాంలో కలరాతో చనిపోయాడు. ఆయన గుర్తుగా పత్తికొండలో చెట్ల తోపు వేశారు, బావి తవ్వించారు. దారిలో చనిపోయిన మనిషికి దారిన పోయేవాళ్లకు నీళ్లూ నీడా ఇచ్చే గుర్తు నిలపడం నాకు ఎంతో ఉచితంగా అనిపిస్తుంది.

మోటారు వచ్చాక తెలుగువాళ్లు కళ్లారా చూసిన మొదటి చక్రాల ఇల్లు ఏదంటే, నా లెక్కలో ఎన్‌టీఆర్ చైతన్యరథమే. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టాక పాత షెవర్లే వ్యాన్‌ను బాగుచేయించి, కొడుకు హరికృష్ణ తోలుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. నిద్ర అందులోనే, స్నానం రోడ్డు పక్కనే, ఉపన్యాసం దాని పైకప్పు మీద నుంచే. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ తర్వాత కారవాన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది సినిమా షూటింగుల దగ్గర నటీనటులు విశ్రాంతి తీసుకునే ఏసీ బస్సే అయింది.

మామూలు దంపతుల దేశాటన మాత్రం కాశీ, రామేశ్వరం యాత్రల బస్సుల్లో సాగింది. బియ్యం మూటలు, గ్యాస్ బండలు, డేక్సాలు, వంటమనిషి, అంతా ఒకే బస్సులో. పొద్దున పదకొండుకల్లా కుళాయి ఉన్న పెట్రోలు బంకో, గుడి ఆవరణో చూసుకుని పొయ్యి వెలిగిస్తారు. రాత్రికి ఏ మఠంలోనో, కాశీలో అయితే కరివేన లాంటి తెలుగు సత్రంలోనో నిద్ర. పొలం పనులు, పిల్లల పెళ్లిళ్లు అన్నీ ముగించుకుని, జీవితంలో తొలిసారి భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని దేశం చూసింది ఈ బస్సుల్లోనే. మోటర్‌హోమ్‌కు మన దగ్గర సొంత తోబుట్టువు ఏదంటే నేను ఈ యాత్రా బస్సునే చూపిస్తాను.

ఇష్టంగా కాక, గత్యంతరం లేక చక్రాల మీద కాపురం చేసేవాళ్లు కూడా ఈ చరిత్రలో ఉన్నారు. కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్లు దూర రాష్ట్రాలకు మోసే లారీ డ్రైవర్లకు క్యాబినే పడకగది, స్టవ్వు వెలిగించిన చోటే వంటిల్లు. కోసిగి, ఆదోని, మంత్రాలయం పల్లెల నుంచి పంటలు చేతికి రాని ఏళ్లలో మొగుడూ పెళ్లాలు పిల్లల్ని వెంటేసుకుని సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు ట్రాక్టర్లలో, లారీల్లో బియ్యం మూట, గిన్నెలు, టార్పాలిన్ పట్టా వేసుకుని కదులుతారు. బడి వయసు పిల్లలు పొలం గట్ల మీద నెలలు గడిపేస్తారు. మోటర్‌హోమ్ చరిత్ర రాసేవాళ్లు వీళ్లను వదిలేస్తే అది సగం చరిత్రే.

కేంద్ర పర్యాటక శాఖ 2010 ప్రాంతంలోనే కారవాన్లకు, వాటిని నిలిపే పార్కులకు ఒక విధానం ప్రకటించింది. కేరళ 2021లో ఆ బాట పట్టింది. మన రాష్ట్రంలోనూ ఇప్పుడు ఆ మాట వినిపిస్తోంది. గండికోటలో పెన్నా లోయ, బెలూం గుహలు, యాగంటి, అహోబిలం ఒకే చుట్టులో చూసే వీలున్న కర్నూలు, కడప పాత జిల్లాలకన్నా అనువైన చోటు దొరకడం కష్టం. అయితే కొత్త బండ్లు కొనేకన్నా ముందు చేయాల్సిన పని, వీరాస్వామయ్య వెతికిన మజిలీలను మళ్లీ కట్టడం. తాగే నీళ్ల కుళాయి, మురుగు దించే గుంత, మరుగుదొడ్డి, కరెంటు, రాత్రికి దీపం, నాలుగు వేపచెట్ల నీడ ఉంటే చాలు. ఆ చోటు కారవాన్ దంపతులతో పాటు లారీ డ్రైవరుకూ, సుగ్గికి పోయే సంసారానికీ అందుబాటులో ఉండాలి.

ఇటు రావాలనుకునే దంపతులకు ఒక మాట. ఎండలు ముదరకముందే, నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య రండి. నీళ్ల ట్యాంకు కర్నూలులోనో, కడపలోనో, ప్రొద్దుటూరులోనో నింపుకుని పల్లెల వైపు తిరగండి. ఊరి బోరు ముందు బండి ఆపకండి, మీ మురుగు ఏ చెరువులోనూ, వంకలోనూ వదలకండి.