తులసివనం ఎవరిది? గంజాయి మొక్క ఎవరు?

(మాటల్లో దాగిన కులం – 9)



"తులసివనంలో గంజాయి మొక్క." ఈ సామెత వినని తెలుగువాళ్లు ఉండరు. నేను పనిచేసిన ఒక కాలేజీ స్టాఫ్‌రూంలో కూడా విన్న. హాస్టల్ నుంచి వచ్చే మన పిల్లల గురించి ఒక పెద్దమనిషి నవ్వుతూ అన్న మాట అది. ఆ పిల్లలు గంజాయి ముట్టినవాళ్లు కాదు. వాళ్ల ఇళ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటి తరం, అంతే. అంటే సామెతలో ఉన్నది మత్తు గురించిన మాట కాదు. ఎవరు లోపల ఉండాలె, ఎవరు బయట ఉండాలె అనే మాట.

మరి ఆ మొక్క మొదటి నుంచీ బయటే ఉన్నదా? లేదు. అథర్వవేదం సోమంతో పాటు 'భంగ'ను కూడా ఆపద నుంచి కాపాడే మొక్కల్లో లెక్కబెట్టింది. ఋగ్వేదం తొమ్మిదో మండలం మొత్తం సోమాన్ని పొగడటమే. ఆ సోమం ఏ మొక్క అన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. 1968లో గార్డన్ వాసన్ అనే అమెరికన్ అది భ్రాంతి కలిగించే పుట్టగొడుగు అని వాదించిండు. ఆయన మాట నిజమైనా కాకపోయినా ఒకటి స్పష్టం. మత్తుకు ఈ దేశంలో మంత్రం ఉన్నది, మండలం ఉన్నది, కాశీలో భాంగు దుకాణం ఉన్నది. యజ్ఞంలో తాగితే సోమపానం, వాడలో తాగితే తాగుబోతుతనం.

మన సాహిత్యంలోకి వస్తే తెనాలి రామకృష్ణుడి పేరిట చెప్పుకునే చాటు కథ ఒకటుంది. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందనే సమస్యను గిట్టనివాళ్లు ఒక ద్వారపాలకుడి చేత ఇప్పిస్తరు. రామకృష్ణుడు పూరణలోనే వాణ్ణి తిడతడు. గంజాయి తాగినవా, తురకల సావాసంతో కల్లు రుచి మరిగినవా అని. ఆఖరికి తల్లి పుట్టుకను కూడా వదలడు. అదే సమస్యను రాజు అడిగితే పాండవులు విరాటుని కొలువులో తలదాచుకున్న ఘట్టంతో పూరిస్తడు. గమనించండి, సమస్య ఒక్కటే. రాజుకు మహాభారతం దొరికింది, కాపలావాడికి గంజాయి తిట్టు దొరికింది. మనం ఆ పద్యాన్ని చమత్కారమని చదువుకున్నం. గంజాయి, కల్లు, తురకలు, పుట్టుక, ఈ నాలుగింటినీ ఒకే తిట్టులో కట్టిన సంగతి ఎవ్వరూ చెప్పలేదు.

ఇక ప్రభుత్వాల సంగతి. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసింది. గంజాయి తాగితే పిచ్చెక్కుతుందనీ, పిచ్చాసుపత్రులు నిండుతున్నాయనీ లండన్ పార్లమెంటులో గోల లేచింది. కమిషన్ దేశమంతా తిరిగి వెయ్యి మందికి పైగా సాక్షులను విచారించి, 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది పిచ్చాసుపత్రుల రిజిస్టర్ల పరీక్ష. జబ్బుకు కారణం రాసే గడిలో 'గంజాయి' అని ఉన్న కేసులను తిరగదోడితే, చాలా వాటికి ఆధారం లేదని తేలింది. రోగిని తెచ్చిన పోలీసులు చెప్పిందే ఆ గడిలోకి ఎక్కింది. బీదవాడు, బిచ్చగాడు, బైరాగి అయితే కారణం వెతికే పని లేదు, గంజాయి అని రాస్తే చాలు.

మితంగా వాడితే పెద్ద హాని లేదు, అతిగా వాడితే ఉంది, నిషేధం వద్దు, పన్ను వేసి అదుపులో పెట్టండి అని కమిషన్ చెప్పింది. కష్టం చేసేవాళ్లు అలుపు తీరడానికి గంజాయి వాడుతున్నరని కూడా రాసింది. అయితే సభ్యులైన ముగ్గురు భారతీయులూ రాజాలు, పెద్దమనుషులే. అలసిన మనిషి నివేదికలో ఉన్నడు కానీ కమిషన్ కుర్చీలో లేడు.

1961 అంతర్జాతీయ ఒప్పందం తర్వాత, 1985లో మనకు ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. చట్టం రాసినవాళ్ల తెలివి చూడండి. గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. ఒట్టి ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. కాబట్టి శివరాత్రికీ హోలీకీ ఆకు నూరుకుని తాగే భాంగు ఈ చట్టానికి దొరకదు. చిలుంలో పూత పెట్టి పీల్చే కూలి మాత్రం దొరుకుతడు. ఒకే చెట్టు, ఆకుకు పండుగ, పూతకు జైలు. కిలో దాకా ఉంటే ఏడాది వరకు శిక్ష. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాదు, బెయిలూ అంత సులువు కాదు.

విశాఖ మన్యం సంగతీ ఇంతే. కొండ మీద పండించేది ఆదివాసీ, మోసేది కూలి పోరగాడు, సొమ్ము చేసుకునేది మైదానపు వ్యాపారి. 2021లో ఆంధ్ర పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన్' పేరుతో వేల ఎకరాల తోటలు నరికిండ్రు. పెట్టుబడి పెట్టినవాళ్ల తోట మాత్రం కొండ మీద లేదు కదా, నరకడానికి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కడప రాజంపేట కాదు, మన కామారెడ్డి రాజంపేట. మన పల్లెల మత్తు చరిత్ర గంజాయి కంటే ఎక్కువగా కల్తీ కల్లుది. చెట్టు కల్లు చాలని చోట నీళ్లలో డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్ముతరు. ఇవి నిద్రకూ ఆందోళనకూ వాడే మందులు. రోజూ తాగి ఒక్కసారి మానేస్తే చేతులు వణుకుతై, ఫిట్స్ వస్తై, మనిషి తనలో తాను మాట్లాడుకుంటడు. 2015లో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు ఇదే జరిగింది. సరుకు ఆగింది, జనం ఆసుపత్రుల ముందు బారులు తీరిండ్రు. కొట్టు మూసేముందు మంచాలు, మందులు, డాక్టర్లు సిద్ధంగా ఉండాలన్న ఆలోచన లేదు. పదేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో మన జిల్లాలోనే నస్రుల్లాబాద్, బీర్కూర్ వైపు కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలైండ్రు. తాగేవాళ్లలో ఎక్కువ మంది కైకిలి చేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, ఆడవాళ్లు కూడా. వాళ్లు తాగుతున్నది కల్లు కాదు, డాక్టర్ చీటీ లేని మందు.

అయితే గంజాయిని సమర్థిస్తున్నవా అన్నా అని కొందరు అడుగుతరు. లేదు. మన ఉద్యమానికి మత్తు గురించి సొంత మాట ఉంది. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో ఆది హిందూ ఉద్యమం నడుపుతూ జోగిని ఆచారంతో పాటు తాగుడు మీద కూడా పోరాడిండు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు ముట్టననేది ఒకటి. 1992లో దూబగుంట ఆడవాళ్లు లేస్తే మరుసటి ఏడు సారా నిషేధం వచ్చింది. వీళ్లెవరూ తాగేవాణ్ణి కలుపు మొక్క అనలేదు. వాడి ఇంటినీ కూలి పైసలనూ కాపాడాలనుకున్నరు. మన తీరుకూ సామెత తీరుకూ తేడా అక్కడే ఉంది.

తమ్ముళ్లకు చెప్పేది సూటిగా చెప్తున్న. ఇన్‌స్టాగ్రామ్‌లో గంజాయిని స్వేచ్ఛ అని చూపించేవాడికి కేసైతే వకీలు ఉన్నడు. నీకు లేడు. పరీక్ష నీది, బెయిలు కోసం తాకట్టయ్యేది అమ్మ పుస్తెలతాడు. దూరంగా ఉండు. ఇప్పటికే అలవాటైతే దాచుకోకు. చికిత్సకు తానుగా ముందుకొచ్చినవాళ్లకు కొన్ని షరతుల మీద రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ అదే చట్టంలో ఉంది. దాన్ని వాడలో ఎవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్న.

ప్రభుత్వాన్ని అడిగేది కూడా ఒకటుంది. ప్రతి మండలంలో దాడికి జీపు ఉన్నట్టే, మత్తు మాన్పడానికి ఒక మంచం, ఒక డాక్టర్ ఉండాలె. 2020 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో గంజాయిని అతి ప్రమాదకర మందుల జాబితా నుంచి తీసే ఓటింగ్ జరిగితే మన దేశం అవునని చెయ్యెత్తింది. అక్కడ ఎత్తిన చెయ్యి, ఇక్కడ వాడ పోరగాడి కాలర్ పట్టుకునేముందు ఒక్కసారి ఆగి ఆలోచించాలె.

వచ్చే భాగంలో ఇంకో సామెత పట్టుకుందాం. మీ ఊళ్లో విన్నవి ఉంటే రాయండి.

జై భీమ్.