పాసు అడగని దారి: శ్రీశైలం నడకలో మన పెద్దలు



మాఘం చివరికొచ్చేసరికి మన పల్లెల్లో రెండు పనులు ఒకేసారి వచ్చి పడతాయి. చేలల్లో మిరప కోతలు, కొండ మీద శివరాత్రి. వయసులో ఉన్నవాళ్లు కోతలకు పోతారు. కల్లంలో తాలుకాయలు ఏరుతున్న పెద్దవాళ్లలో ఎవరో ఒకరు "ఈ ఏడు మల్లన్న కాడికి నడిచి పోతా" అంటారు. మనం వెంటనే "అవ్వా, మోకాళ్లు నొప్పులంటావు, బస్సుంది కదా" అంటాం. మేమూ అలా అన్నవాళ్లమే. ఆ దారి చరిత్ర కొంత తెలిశాక మళ్లీ ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఎందుకో చెప్తాం.

గుంటూరు వైపు నుంచి నడిచేవాళ్లు నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, యర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరతారు. ఒంగోలు వైపు వాళ్లు మార్కాపురం మీదుగా అక్కడికే వస్తారు. అక్కడి నుంచి సుమారు 50 కిలోమీటర్లు నల్లమల అడవి. త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్రికుల కోసం పర్వత ప్రకరణమే రాశాడు. 14వ శతాబ్దంలో అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి కొండకు మెట్లు కట్టించాడు. మనం బడిలో చదువుకున్నది ఇంతవరకే. మెట్లు కట్టించిన రాజు పేరుంది. ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు మాత్రం లేవు.

మెట్లకు ముందు నుంచీ ఆ అడవి చెంచులది. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, జంతువు ఏ వేళ తిరుగుతుందో తెలిసింది వాళ్లకే. యాత్రికులకు దారి చూపించి, కాపలా కాసి, వాళ్లిచ్చింది పుచ్చుకునేవాళ్లు. మల్లన్న చెంచుపిల్లను పెళ్లాడాడని, అందుకే ఆయన చెంచు మల్లయ్య అయ్యాడని చెప్పుకుంటారు. అంటే దేవుడు వాళ్లకు ఇంటి అల్లుడు. అల్లుడి ఇంటికి పోయే దారికి వాళ్లు పరాయివాళ్లు ఎట్లా అవుతారు?

పెద్ద వయసులో యాత్ర అంటే అందరూ చెప్పే పేరు ఏనుగుల వీరాస్వామయ్య. 1780లో పుట్టాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసి, 1830 మే 18న కాశీకి బయలుదేరి, శ్రీశైలం కూడా చూసుకొని, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. అప్పటికి 50 ఏళ్లు దాటాయి. ఆయన కాశీయాత్ర చరిత్ర గొప్ప పుస్తకం, తప్పక చదవండి. చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆయన వెళ్లింది పల్లకీలో. ఆ దూరమంతా నడిచింది మోసిన బోయీలు. వాళ్లలో ఒక్కరు కూడా పుస్తకం రాయలేదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. సుగాలీ తాతలు ఎద్దుల మందల మీద, యెరుకల తాతలు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పు వేసుకొని లోపలి ఊళ్లకు తిరిగేవాళ్లు. నల్లమల కనుమలు వాళ్లకు రాకపోకల దారులే. నడకే వాళ్ల బతుకు. ఉప్పు మీద కుంఫిణీ, సర్కారు పట్టు బిగిసింది. తర్వాత రైలు వచ్చింది. వ్యాపారం పోయింది. పని లేకుండా తిరిగేవాడు దొంగ అన్నారు. 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది. యెరుకలవాళ్లను, కొన్నిచోట్ల సుగాలీలను, యానాదులను ఆ జాబితాలో రాశారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టింది ఆ రోజుల్లోనే. మీనా రాధాకృష్ణ గారు ఈ చరిత్ర మీద పెద్ద పరిశోధన చేశారు.

ఆ చట్టం కింద పేరు నమోదైతే హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. పాసు లేకుండా దొరికితే శిక్ష. ఒక్కసారి ఆలోచించండి. పక్క ఊరి పెళ్లికి పోవడానికే కాగితం అడిగే కాలంలో పది రోజులు నడిచి కొండకు పోవడం మాటలా? పల్లకీలో పోయినవాణ్ని యాత్రికుడు అన్నారు. అదే దారిన కాలినడకన పోయిన మనవాణ్ని అనుమానితుడు అన్నారు.

మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయినా భయం అంత తొందరగా పోలేదు. ఊరి పొలిమేరలో ఖాకీ చొక్కా కనపడితే పక్కకు తప్పుకునే అలవాటు ఇంకో తరం దాకా ఉంది. పైగా పత్తి తీతలు, మిరప కోతలు వదిలి పోతే ఆ రోజు కూలి పోతుంది. పిల్లల కడుపు చూసుకోవాలి. అందుకే మనవాళ్లలో చాలామందికి కొండకు నడిచే తీరిక ముసలితనంలోనే వచ్చింది. కోతకు పిలవడం మానేశాకే సొంతంగా నాలుగు అడుగులు వేయగలిగారు.

మాలో దేవుణ్ని నమ్మేవాళ్లున్నారు, నమ్మనివాళ్లూ ఉన్నారు. ఈ మాట ఇద్దరికీ. అవ్వ నడుస్తానంటే అది భక్తి ఒక్కటే కాదు. ఆమె అమ్మానాన్నలకు లేని స్వేచ్ఛ అది. ఎవరినీ పాసు అడగకుండా, ఎవరి బరువూ మోయకుండా, తన కోసం తాను నడవడం.

మోకాళ్లు నిజంగా సహకరించకపోతే బస్సులోనే తీసుకెళ్లండి, తప్పులేదు. కానీ కూర్చోబెట్టి అడగండి. ఎక్కడెక్కడ ఆగేవాళ్లు? ఏ ఊళ్లో అన్నం పెట్టారు, ఏ ఊళ్లో అరుగు మీద కూర్చోనీయలేదు? అడవిలో నీళ్లు చూపించిన చెంచు గూడెం పేరేంటి? ఫోనులో రికార్డు చేయండి, తర్వాత కాగితం మీద పెట్టండి. నడవగలిగితే దోర్నాల నుంచైనా పక్కన నడవండి. సంచి మీరు పట్టుకోండి. ముందు మాత్రం ఆమెనే నడవనీయండి.

రాజుల మెట్లకు శాసనాలున్నాయి. మన అడుగులకు సాక్ష్యం ఆ ముసలివాళ్ల మాటే. ఈ శివరాత్రి లోపు మొదలుపెడదాం.