బల్లకట్టు మీద బస

రెండు నాటుపడవలను పక్కపక్కన నిలబెట్టి, వాటిమీద అడ్డంగా దూలాలు బిగించి, దూలాల మీద బల్లలు పరిస్తే బల్లకట్టు అయింది. ఎడ్లబండి ఎద్దులతో సహా ఎక్కుతుంది. ట్రాక్టరు ఎక్కుతుంది. పెళ్ళివారు సారె సామాన్లతో ఎక్కుతారు. కృష్ణమీద మాదిపాడు, ముక్త్యాల రేవుల మధ్య జనాన్ని దాటించేది ఇదే. గోదావరి జిల్లాల వాళ్ళు పంటు అంటారు. అమెరికాలో సరస్సుల మీద షికారుకు వాడే పాంటూన్ బోటు కూడా ఇదే జాతి: కింద తేలేవి రెండు, పైన చదునైన అరుగు.

నల్లమల కొండల మధ్య నిలిచిన కృష్ణ నీళ్ళమీద రెండు మూడు రోజులు తిరిగి, రాత్రి నీటిమీదే పడుకోవాలనుకునేవాళ్ళకు ఏ పడవ తగినదని అడిగితే బల్లకట్టే అంటాను. మనవాళ్ళు దాన్ని ఎందుకు పుట్టించారో, ఎలా మార్చుకుంటూ వచ్చారో చూస్తే కారణం అర్థమవుతుంది.

మొదట తెప్ప. వెదుళ్ళో దుంగలో పక్కపక్కన పేర్చి కట్టడం. తరవాత పుట్టి. కౌటిల్యుడి అర్థశాస్త్రం పదో అధికరణంలో సైన్యం నదులు దాటే ఉపాయాలు చెబుతూ ఏనుగులు, పడవలు, వెదురు మోపులతోపాటు ఎండిన సొరబుర్రలను, తోలు తొడిగిన బుట్టలను కూడా లెక్కపెట్టాడు. ఆ తోలుబుట్టే మన పుట్టి. శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ తుంగభద్ర దాటించే పుట్లను చూసి రాసుకున్నాడు. లోపల బెత్తం అల్లిక, పైన తోలు, పదిహేను ఇరవై మందిని మోస్తాయి, తిన్నగా పోలేక గిరగిరా తిరుగుతూ పోతాయి. అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా ఎక్కిస్తారని చెప్పాడు.

పుట్టి అల్లడం ఇప్పటికీ చూడవచ్చు. వెదురును నిలువుగా చీల్చి, ఆ బద్దలను నేలమీద నక్షత్రం ఆకారంలో ఒకదానిమీద ఒకటి పరుస్తారు. నడిమధ్య బరువైన రాళ్ళు పెట్టి, వాటి చుట్టూ సన్నబద్దలు అల్లుకుంటూ పోతారు. అల్లిక గట్టిపడేకొద్దీ అంచులు వంచి పైకి లేపి, లావుపాటి బద్దలతో చుట్టూ కమ్మీ కడతారు. పూర్వం ఎద్దుతోలు తొడిగేవారు. ఇప్పుడు ఎరువుల సంచులు కుట్టి తొడిగి, పైన తారు పూస్తున్నారు. ఒక్క మనిషి నెత్తిమీద బోర్లించుకుని ఒడ్డెక్కగలిగే పడవ ఇది. రాయికి కొట్టుకున్నా అల్లిక సాగి నిలబడుతుంది. వాగులకూ రాళ్ళ రేవులకూ ఇంతకంటే మంచిది రాలేదు. అయితే దానిలో పొయ్యి పెట్టలేం, కాళ్ళు చాపుకుని పడుకోలేం.

చాపుకునేంత చోటు కావాలంటే జోడించాలి. జోడిస్తే నీటిమీద ఎంత కట్టడమైనా నిలపవచ్చని మనకు నేర్పింది గుళ్ళు. తెప్పోత్సవంలో అరుగుమీద మండపం కట్టి, దీపాలు వేలాడదీసి, దేవుణ్ణి, అర్చకులను, మేళగాళ్ళను ఎక్కించి కోనేట్లో చుట్లు తిప్పుతారు. తిరుమల పుష్కరిణి నడుమ నీరాళి మండపాన్ని సాళువ నరసింహరాయలు 1468లో కట్టించాడు. ఏటా ఫాల్గుణంలో తెప్ప దాని చుట్టూ తిరుగుతుంది. విజయవాడలో దసరా చివర దుర్గా మల్లేశ్వరుల హంసవాహనం కూడా ఈ పద్ధతిదే. ఎత్తయిన అలంకారాన్ని పడవమీద ఒరగకుండా నిలబెట్టాలంటే కింద వెడల్పు ఎంత ఉండాలో, బరువు ఎక్కడ పెట్టాలో ఆ తెప్పలు కట్టే వడ్రంగులకు తరతరాలుగా తెలుసు.

ఇక మన ప్రాంతం. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోవే. ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు ఉత్తరపు హద్దు కృష్ణానది. కానీ ఆ నది కొండల వెనక, లోతైన లోయలో పారుతుంది. ఇటువైపు ఊళ్ళకు దాని నీరు తనంతట రాదు. ఇక్కడివాళ్ళకు తెలిసిన నీరు గుండ్లకమ్మది, చెరువులది. రెండు కొండల నడుమ సందును మూసి గుండ్లకమ్మను ఆపిన కంభం చెరువు అయిదు వందల ఏళ్ళ నాటిది. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 1908 నాటి ఇంపీరియల్ గెజెటీర్ కట్ట ఎత్తు 57 అడుగులని రాసింది. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కొండసందు మూసి సరస్సు చేయడం మనకు కొత్త విద్య కాదన్నమాట.

కృష్ణ లోయ కూడా ఇరవయ్యో శతాబ్దంలో అలాగే సరస్సయింది. 1967లో నాగార్జునసాగర్ తూములు తెరిచారు. 1980ల మొదట్లో శ్రీశైలం నిండింది. సాగర్ నీరు వెనక్కి ఎగదన్ని శ్రీశైలం కొండల కిందిదాకా వస్తుంది. అప్పటిదాకా పుట్టీ, తెప్పా తిరిగిన చోట లాంచీలు వచ్చాయి. నాగార్జునకొండ లోయలోని ప్రాచీన కట్టడాలను 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, ముఖ్యమైనవాటిని కొండమీదికి చేర్చాక ఆ కొండ దీవి అయింది. దానిమీది మ్యూజియానికి ఈనాటికీ లాంచీలోనే వెళ్ళాలి. సాగర్ నుంచి శ్రీశైలం కింద లింగాలగట్టుదాకా లాంచీ ప్రయాణం 110 కిలోమీటర్ల వరకు ఉంటుంది. అటూ ఇటూ నిలువు కొండలు, మధ్యలో ఆకుపచ్చ నీళ్ళు, ఎక్కడో ఒక వాగు మలుపులో నాలుగు గుడిసెలు. ఆ గుడిసెలు చెంచులవి కావచ్చు, ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చి పరదా పట్టాల కింద కాపురాలుంటున్న మత్స్యకారులవి కావచ్చు. నీటిమీద బతుకుకు ఏం కావాలో వాళ్ళను మించి తెలిసినవాళ్ళు లేరు.

సరిగ్గా ఇలాంటి అవసరమే మరో ఖండంలోనూ పుట్టింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు 1952లో ఉక్కు పీపాల మీద చెక్క అరుగు బిగించి సరస్సులోకి దించాడు. మామూలు పడవకంటే ఒరగకుండా నిలబడుతుందని అతని నమ్మకం. జనం ఎగబడ్డారు, కంపెనీ వెలిసింది. పీపాలు పోయి పొడుగాటి అల్యూమినియం గొట్టాలు వచ్చాయి. 1963లో కొలరాడో నది లోయలో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట తలుపులు మూశాక ఏర్పడిన పావెల్ సరస్సులో ఇలాంటి తేలే ఇళ్ళలోనే జనం రోజుల తరబడి విడిది చేస్తారు. లోయ, ఆనకట్ట, నిలువు ఒడ్లు, గుడారం వేసుకోవడానికి చోటులేని రాళ్ళు. మన కృష్ణ లోయ లక్షణాలే.

మార్కాపురంలో అలాంటిది కట్టించాలంటే సామాను అంతా బజార్లో దొరికేదే. రెండు వందల లీటర్ల డ్రమ్ము పూర్తిగా మునిగితే తన బరువు పోను 180 కిలోల దాకా మోస్తుంది. కానీ పూర్తిగా ముంచి లెక్కకట్టడం ఆత్మహత్యతో సమానం. సగమే మునగాలి. ఆరు డ్రమ్ముల చొప్పున రెండు వరసలు కడితే పొడవు పదిహేడు, పద్దెనిమిది అడుగులు వస్తుంది. సగం మునకలో మొత్తంమీద టన్నుకు కాస్త అటూఇటూ మోస్తుంది. అందులో ఇనుప చట్రం, చెక్కలు, మోటారు తీసేస్తే అయిదారుగురు మనుషులు, వాళ్ళ తిండి సామాను. అంతే. ఏడోవాడు ఎంత దగ్గరి చుట్టమైనా ఒడ్డునే ఉండాలి.

డ్రమ్ము మూతల సంగతి చాలామందికి పట్టదు. మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి ఉబ్బి మూత సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం చల్లబడగానే డ్రమ్ము లోపలికి పీలుస్తుంది. మూత నీటి కింద ఉంటే గాలికి బదులు నీరు పోతుంది. రాత్రికి రాత్రి ఒక మూల కుంగడానికి కారణం ఇదే. మూతలు పైకి ఉండేలా డ్రమ్ములు బిగించి, వాషరు మార్చి, లోపల థర్మాకోలు ముక్కలు కూరితే చిల్లుపడినా మునిగిపోదు.

అరుగుమీద బరువంతా నడిమి గీతకు దగ్గరగా, కిందగా ఉండాలి. నీళ్ళ క్యాన్లు, బ్యాటరీ, బియ్యం మధ్యలో. పొయ్యి ఒక చివర, ఇసుక పోసిన ఇనుప పళ్ళెంలో. పెట్రోలు దానికి ఎదురు చివర. పైకప్పు పొట్టిగా ఉండాలి, పక్క పరదాలు చుట్టేసేలా ఉండాలి. వేసవి సాయంత్రాల్లో లోయలోకి దిగే గాలివాన గుడారం గోడను పట్టుకుందంటే మోటారు చేతికి లొంగదు. కప్పుమీద కూర్చునే ఏర్పాటు మాత్రం వద్దు. బల్లకట్టుకున్న బలమంతా దాని పొట్టితనంలోనే ఉంది.

లంగరు దగ్గర లోయ సరస్సు తికమక పెడుతుంది. మామూలు చెరువులో లోతుకు అయిదింతల తాడు వదిలితే లంగరు నేలను పట్టుకుంటుంది. ఇక్కడ ఒడ్డుకు పది బారల దూరంలోనే వంద అడుగుల లోతు ఉండవచ్చు. అంత తాడు ఎవరు మోస్తారు? అందుకే వాగు నోట్లోకి దూరి, ముందూ వెనకా రెండు మోకులతో ఒడ్డు రాళ్ళకు కట్టడమే మేలు. మోకు బిగించేయకూడదు, వదులు ఉంచాలి. శ్రీశైలంలో కరెంటు పుట్టిస్తే దిగువన సాగర్ కొసలో నీరు పెరుగుతుంది. ఎడమగట్టు విద్యుత్కేంద్రంలో ఆరు యంత్రాలు నీటిని తిరిగి పైకి తోడగలవు కూడా, అప్పుడు నీరు తగ్గుతుంది. పడుకునేటప్పుడు తేలుతున్న పడవ తెల్లారేసరికి రాయిమీద ఒరిగి ఉండవచ్చు. అందుకే వంతులవారీగా ఒకరు మేలుకుని ఉండాలి. అన్నట్టు, ఈ నీళ్ళలో మొసళ్ళున్నాయి. అరుగుమీద పడుకోవడంలోని సుఖం అదీ.

ఇదంతా అనుమతి ఉంటేనే. రెండు వైపులా ఉన్నది పులుల అభయారణ్యం. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు రోడ్డుమీదే రాత్రిపూట వాహనాలను ఆపేస్తారు. అటవీశాఖ ఒప్పుకోకుండా ఒడ్డున నెగడు వేయడం నేరం. పడవకు రిజిస్ట్రేషన్, ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి. ఆ జాకెట్ ఒంటిమీద ఉండాలి, బల్ల కింద కాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు వాళ్ళే. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన లాంచీలో 77 మంది ఉంటే బతికినవాళ్ళు 26 మంది. మన ప్రాంతంలో పడవ కట్టేవాళ్ళెవరైనా ఈ రెండు తేదీలూ చుక్కాని దగ్గర రాసుకోవాలి.

ఈ విద్య మన ఊళ్ళకు త్వరలోనే అవసరం కాబోతోంది. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర మొదలై నల్లమల కింద పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా తవ్విన రెండు సొరంగాలు దోర్నాల వైపు తేలాయి. ఈ నీటికోసం పోరాడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరే ఈ సొరంగాల వెలిగొండ ప్రాజెక్టుకు పెట్టారు. సొరంగాల్లోంచి వచ్చే కృష్ణ నీటిని నిలపడానికి సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండసందులకు కట్టలు కట్టారు. నల్లమల సాగర్ అని పిలిచే ఆ జలాశయం నిల్వ 53 టీఎంసీలు దాటుతుంది. తాగునీటికి ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన ప్రాంతంలో కొండల నడుమ ఓ పెద్ద సరస్సు.

దాని అడుక్కి పోయేది సుంకేశుల, గొట్టిపడియ, కలనూతల వంటి ఊళ్ళు. నీరు నిండాక ఏ గుట్ట నీటిలోంచి లేచి ఉంటుందో, ఏ వాగు నోరు గాలికి చాటుగా ఉంటుందో, ఎక్కడ చెట్లు నిలువునా మునిగి పంకాకు తగులుతాయో చెప్పగలిగింది ఆ ఊళ్ళవాళ్ళే. పశువులను తోలుకెళ్ళిన నేల కదా. చేపల హక్కుతోపాటు ఆ సరస్సుమీద రేవు హక్కు, బల్లకట్టు హక్కు కూడా వాళ్ళకే రావాలి. బయటి కాంట్రాక్టరు టెండరు వేయకముందే, ఆ ఊళ్ళ కుర్రవాళ్ళలో పదిమందికి మాదిపాడు రేవులో కొన్నాళ్ళు పని నేర్పించి, లైసెన్సులు వాళ్ళ పేర్ల మీదే రాయాలి.