ఎమ్డెన్ వెండి డాలర్లు

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ చీకటి మాటున మద్రాసు తీరానికి చేరి, సర్చిలైట్లు వేసి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులపై 120కి పైగా గుండ్లు కురిపించింది. ట్యాంకులు అంటుకున్నాయి. మన తెలుగు జిల్లాలకూ అప్పుడు మద్రాసే రాజధాని. భయంతో వేలమంది ఊరు విడిచారు. ఊళ్లో ఉన్నవాళ్లు మాత్రం గుండ్ల ముక్కలు ఏరి దాచుకున్నారు, మండే ట్యాంకుల ఫొటోలు పోస్టుకార్డులుగా కొనుక్కున్నారు. నౌకాయుద్ధపు గుర్తులు పోగుచేసే అలవాటు ఇలాగే, పొగ ఆరకముందే మొదలవుతుంది.

దాదాపు ఏడు వారాలకు, నవంబరు 9న, కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీకి ఎమ్డెన్ చిక్కింది. దెబ్బతిన్న ఓడను కెప్టెన్ ఫాన్ ముల్లర్ మునిగిపోనివ్వకుండా నార్త్ కీలింగ్ దీవి పగడపు దిబ్బ మీదికి ఎక్కించాడు. జర్మన్లు 130 మందికి పైగా చనిపోయారు, సిడ్నీలో నలుగురు. ఓడ గట్టెక్కింది గనుకనే దాని వస్తువులు లోకానికి దక్కాయి.

వాటిలో నా మనసును పట్టి ఉంచేది వెండి. ఎమ్డెన్ అసలు స్థావరం చైనాలోని చింగ్‌తావ్. ఆ తీరాల్లో మెక్సికో వెండి డాలర్లు చెల్లేవి కాబట్టి ఓడ ఖజానాలో అవే ఉన్నాయి. శిథిలాల్లోంచి ఆరు వేలకు పైగా నాణేలు బయటపడ్డాయి. వాటిలో వెయ్యింటిని సిడ్నీ నగరంలోని డబ్ల్యూ. కెర్ అనే నగల వ్యాపారి పతకాలుగా మలిచాడు: పైన కిరీటం, నాణేనికి ఆనించిన పట్టీల మీద రెండు ఓడల పేర్లు, పోరు తేదీ. వాటిలో కొన్నిటిని సిడ్నీ నౌక నావికులకు పంచారు. శత్రువు ఖర్చులకు తెచ్చుకున్న సొమ్ము గెలిచినవాడి ఛాతీ మీది గుర్తయింది. ఆ పట్టీలు ఊడదీస్తే మిగిలేది మామూలు మెక్సికో నాణెమే. అది ఎమ్డెన్‌దని చెప్పడానికి కాగితం కావాలి. అందుకే పతకంతో పాటు నావికుడి పేరు, సర్వీసు వివరాలు దొరికితే సేకర్తకు అంత సంబరం.

ఎమ్డెన్ ఫిరంగి ఒకటి 1917లో సిడ్నీ హైడ్ పార్కుకు చేరింది. ఓడ గంటది పెద్ద కథ: 1930ల్లో ఎవరో దొంగిలించి మట్టిలో పాతిపెడితే, వెతికి తవ్వి తీశారు. దిబ్బ మీద మిగిలిన ఇనుమును 1950ల్లో ఒక జపాన్ కంపెనీ కోసి పట్టుకుపోయింది.

ఫొటోల సంగతి వేరు. దిబ్బపై ఒరిగిన ఎమ్డెన్ బొమ్మను లెక్కలేనన్నిసార్లు అచ్చేశారు, కాబట్టి బొమ్మ ఒక్కటే చాలదు. తెలిసిన సేకర్త ముందు వెనక్కి తిప్పి చూస్తాడు. పెన్సిల్‌తో రాసిన తేదీ, ఓడ పేరు, ఎవరి ఇంటికి పంపారో ఆ పేరు కనిపిస్తే, అక్కడినుంచి అతని అసలు వెతుకులాట మొదలవుతుంది.